సెట్ టాప్ బాక్స్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా? మా నాన్న అడిగిన ప్రశ్నతో మొదలైన లెక్క

పోయిన నెల ఊరెళ్తే నాన్న అటక మీంచి పాత డీటీహెచ్ బాక్స్ దించి నా ముందు పెట్టారు. ఆరేళ్ల కింద డబ్బు పెట్టి కొన్నది. ఇప్పుడు వేరే కంపెనీ ప్యాక్ చవగ్గా ఉందని మారాలనుకుంటున్నారు.

"ఒరేయ్, బాక్స్ మనం కొన్నదే కదా. కొత్త కంపెనీ కార్డు ఇందులో పెడితే పని చేయదా?"

"చేయదు నాన్నా."

"మరి మనం కొన్నదేంటి?"

బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంట్లో ఫైబర్ లేదు, వర్షం పడితే మొబైల్ డేటా కూడా డౌటే. కాబట్టి ఓటీటీ పెట్టేయండి అని చెప్పి తప్పించుకోలేను. అమ్మ సీరియల్ ఆగకూడదు. సరే, ఈసారి లెక్క వేసే తీసుకుందాం అనుకున్నా. ఆ లెక్కే ఇది.

కొన్న బాక్స్ ఎందుకు మనది కాదు?

డిష్ మీద ఉండే ఎల్ఎన్‌బీ శాటిలైట్ నుంచి వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి మార్చి కేబుల్‌లోకి పంపిస్తుంది. ఇంతవరకు ఏ కంపెనీ అయినా దాదాపు ఒకటే. అసలు తాళం బాక్స్‌లో ఉంటుంది. పే చానళ్లు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి, వాటిని విప్పే కీలు ఆ కంపెనీ సిస్టమ్‌తోనే కలుస్తాయి. ఒక్కో కంపెనీది ఒక్కో సిస్టమ్. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు కూడా కంపెనీ పంపినవే ఎక్కుతాయి.

మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, బూట్‌లోడర్ అన్‌లాక్ కాని, ఒకే సిమ్‌కి లాక్ అయిన ఫోన్ లాంటిది అన్నమాట. డబ్బులు మనవి, తాళం చెవి వాళ్లది.

దీన్ని మార్చాలని ట్రాయ్ ప్రయత్నించింది. ఏ కంపెనీకైనా పనికొచ్చే బాక్స్‌లు ఉండాలని, తాళం భాగాన్ని యూఎస్‌బీ ద్వారా పెట్టుకునేలా చేయాలని 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. అలాంటి బాక్స్ ఉంటే నాన్న ప్రశ్నకు "చేస్తుంది" అని చెప్పేవాడిని. మా అటక మీది బాక్స్ మాత్రం అలాంటిది కాదు.

అద్దె అంటే చిన్నచూపు వద్దు

మా నాన్నకి అద్దె అనగానే నచ్చదు. "సొంతానికి ఉండాలి" అంటారు. కానీ డీటీహెచ్ కంపెనీలే లీజు మీద నడుస్తాయి. ఇస్రో తయారుచేసిన జీశాట్-24 శాటిలైట్ బరువు 4,180 కేజీలు. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ 5 రాకెట్ మీద వెళ్లింది. దాని మొత్తం కెపాసిటీని టాటా ప్లే లీజుకే తీసుకుంది. కాబట్టి ప్రశ్న గౌరవానిది కాదు. ఎన్నాళ్లు వాడతాం, పాడైతే ఖర్చు ఎవరిది, ఈ రెండే.

లెక్క చూద్దాం

ఈ అంకెలు ఉదాహరణకి మాత్రమే. మీకు చెప్పిన ధరలు పెట్టి మార్చుకోండి. బాక్స్ కొంటే 1,500 రూపాయలు. అద్దెకైతే వెనక్కి వచ్చే డిపాజిట్ 600, నెలకు 50. చానళ్ల ప్యాక్, ఇన్‌స్టలేషన్ రెండింటికీ సమానం అనుకుందాం.

1,500ని 50తో భాగిస్తే 30. అంటే రెండున్నరేళ్లు. అంతకంటే తక్కువ వాడేవాళ్లకి అద్దె లాభం, ఎక్కువైతే కొనడం లాభం.

కానీ ఇక్కడితో ఆపితే తప్పు లెక్కే. కొన్న బాక్స్ వారంటీ అయ్యాక పాడైతే ఖర్చు మనదే. ఒక్కసారి 500 రిపేర్ అయితే బ్రేక్ ఈవెన్ 40 నెలలకి వెళ్తుంది. అద్దె బాక్స్ మన తప్పు లేకుండా చెడిపోతే మార్చి ఇవ్వాల్సింది కంపెనీ. ఇక అమ్ముకుంటే ఎంత వస్తుంది? లాక్ అయిన బాక్స్‌ని సున్నాగానే రాసుకోండి, అటకే సాక్ష్యం.

ఈ అంకెలతోనే, హైదరాబాద్‌లో 11 నెలల అగ్రిమెంట్ మీద ఉండే నాలాంటివాడు రెండేళ్లు వాడితే అద్దె 1,200. కొనడం కంటే 300 తక్కువ. సొంతింట్లో ఆరేళ్లు వాడే నాన్నకి అద్దె 3,600, కొంటే రిపేర్‌తో కలిపి 2,000.

షాపులో అడగాల్సిన మూడు ప్రశ్నలు

అసలు తికమక ఇక్కడే. "కొత్త కనెక్షన్ ఇంత" అని ఒకే మాట చెప్తారు. ఆ డబ్బు బాక్స్ ధరా, యాక్టివేషన్ చార్జా అన్నది ఫారం చదివితేనే తెలుస్తుంది.

1. ఇది అమ్మకమా, అద్దెనా? బిల్లులో బాక్స్ ధర విడిగా రాసిస్తారా?
2. కనెక్షన్ మానేస్తే బాక్స్ వెనక్కి ఇవ్వాలా? ఇస్తే ఎంత వస్తుంది? కంపెనీ మారాలనుకునేవాళ్లు చిక్కుకుపోకూడదనే ట్రాయ్ 2015 ఏప్రిల్ 1న డీటీహెచ్ బాక్స్‌ల మీద ప్రత్యేకంగా టారిఫ్ ఆర్డర్ ఇచ్చింది. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.
3. వారంటీ ఎన్నాళ్లు, అందులో ఏమేం ఉన్నాయి? రిమోట్, అడాప్టర్, ఎల్ఎన్‌బీ విడివిడిగా అడగండి.

అద్దెకైతే డిపాజిట్ రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. బాక్స్ తిరిగిచ్చేటప్పుడు కూడా రసీదు తీసుకోండి.

నిజంగా మనదయ్యే బాక్స్ ఒకటుంది

డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో మొదలైంది, నెలవారీ చందా లేదు. ఒకసారి బాక్స్, డిష్ కొంటే అంతే. ఒక్క జాగ్రత్త, ఎంపెగ్-2 మాత్రమే చదివే పాత బాక్స్‌లో ఎంపెగ్-4 చానళ్లు రావు. సొంత బాక్స్ పాతబడితే ఆ భారం కూడా సొంతమే. మా ఇంట్లో దీనికే ఓటు వేసేవాడిని కానీ, అమ్మ చూసే సీరియల్ పే చానల్‌లో వస్తుంది. చర్చ అక్కడితో ముగిసింది.

మా తీర్పు

మూడేళ్లు దాటి ఒకే ఇంట్లో, ఒకే కంపెనీతో ఉంటారా? కొనండి. ఇల్లు మారేవాళ్లు, హెచ్‌డీ నుంచి 4కేకి వెళ్లాలనుకునేవాళ్లు, కంపెనీ మీద ఇంకా నమ్మకం కుదరనివాళ్లు అద్దెకు తీసుకోండి. ఏది తీసుకున్నా పాత డిష్, కేబుల్ పారేయొద్దు. కొత్త శాటిలైట్ వైపు తిప్పుకుంటే చాలాసార్లు పనికొస్తాయి.

నాన్న కొన్నారు. ఈసారి బిల్లు మీద బాక్స్ ధర విడిగా రాయించుకుని, మూడు ప్రశ్నలూ ఆయనే అడిగారు. ఇంటికొచ్చాక పాత బాక్స్ పక్కన బిల్లు పెట్టి, "ఇప్పుడు తెలిసిందిరా, కొన్నదేంటో" అన్నారు.