చెక్కపలకలో జాలీపని – బ్లేడు దూర్చు విధానము

పలుచని చెక్కపలకపై లతలను, హంసలను, అక్షరములను గీసి, నడుమ చోట్లను కోసి తీసివేయు పనిని ఫ్రెట్‌వర్కు అందురు. మన వాడుకలో జాలీపని యనవచ్చును. పటముల చట్రములు, దీపపు గూళ్లు మున్నగునవి ఈ పనితో శోభించును. చూచువారికి సహజముగా ఒక సందేహము కలుగును: చుట్టును అంచు ఎక్కడను తెగకుండగా రంపము లోపలికి ఎట్లు పోయినది?

దీనికి సమాధానము రంపపు నిర్మాణములోనే యున్నది. వడ్రంగి చేరంపము పలక అంచునుండియే కోయవలెను. ఫ్రెట్ రంపము అట్టిది కాదు. వంగిన ఇనుప చట్రము, దానికి క్రింద పిడి, చట్రపు రెండు కొనలను కలుపుచు సుమారు 5 అంగుళముల పొడవుగల సన్నని బ్లేడు – ఇదియే దాని స్వరూపము. బ్లేడు కొనలను రెండు మరలు పట్టియుంచును. ఒక మరను వదులు చేసి, విడిన కొనను, సూదిలో దారమువలె, పలకలోని రంధ్రమున దూర్చి మరల బిగింపవచ్చును. రహస్యమంతయు ఇంతియే.

పని క్రమము ఇట్టిది. 3 లేక 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకపై చిత్రమును గీసి, తీసివేయవలసిన ప్రతి గడిలోను, గీతపై గాక లోపలగా, 2 మిల్లీమీటర్ల రంధ్రము వేయవలెను. అడుగున లేచిన పేళ్లను గరుకు కాగితముతో రుద్దవలెను. లేనిచో పలక సమముగా కూర్చుండదు. పిమ్మట బ్లేడు క్రింది కొనను పిడివైపు మరలో బిగింపవలెను. పండ్లు పిడివైపునకు, అనగా క్రిందికి, వాలియుండవలెను. ఏలన, రంపమును క్రిందికి లాగినపుడే కోత పడవలెను. అప్పుడు పలక ఆధారమునకు అదుముకొనియుండును. పండ్లు పైకున్నచో పలక ఎగిరిపడును.

తరువాత పై కొనను పలక అడుగునుండి రంధ్రము ద్వారా పైకి దూర్చి, చట్రమును మేజాకు ఆనించి కొంచెము నొక్కి, పై మరను బిగింపవలెను. నొక్కుడు వదలగానే చట్రము తెరచుకొని బ్లేడును లాగిపట్టును. మీటినపుడు తంబుర తీగవలె మ్రోగినచో బిగింపు చాలినట్లే. వదులైన బ్లేడు గీత తప్పును. వంకరగా బిగిసినది విరుగును.

కోయునపుడు రంపమును నిలువుగా ఆడించుచు, మలుపులలో పలకనే త్రిప్పవలెను. గడి ఊడిన వెంటనే మర వదులు చేసి, బ్లేడును తీసి, తరువాతి రంధ్రమున దూర్చవలెను. 20 గడుల చిత్రమునకు ఈ పని 20 పర్యాయములు చేయవలసినదే. లోపలి గడులన్నియు ముగిసిన పిమ్మటనే వెలుపలి అంచును కోయవలెను. చుట్టును చెక్క ఉన్నంతవరకు సన్నని లతలకు బలము, చేతికి పట్టు ఉండును.

పిల్లల ఓర్పునకు పరీక్ష ఇచ్చటనే. అయిదారు గడులైన పిమ్మట మర విప్పుటకు విసుగు కలిగి, అంచునుండియే కోసికొనిపోదమను బుద్ధి పుట్టును. ఒక నిమిషము మిగులును. కాని తెగిన అంచును జిగురుతో అతికినను మచ్చ పోదు.

ఇది పరీక్షలకు పనికివచ్చునా యని కొందరు తల్లిదండ్రులు అడుగుచుందురు. లెక్కలో నడిమి మెట్లను దాటవేసి జవాబు వ్రాయబోవు అలవాటునకు ఇంతకంటె మంచి మందు లేదు. చేతిపని చదువునకు అడ్డము కాదనియు, చదువునకు మార్గమే యనియు గాంధీ మహాత్ముడు 1937లో వార్ధా విద్యాసమ్మేళనమున ప్రతిపాదించియుండెను.

కావున తల్లిదండ్రులకు మనవి. బ్లేడు విరిగినదని పిల్లలను మందలింపవలదు; నేర్పరి చేతిలోనైనను అది విరుగును. కంటికి అద్దములు పెట్టించుడు. రంపపు పొడిని నోటితో ఊదనీయకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, జాలి తలచి వారి గడులను మీరు కోసిపెట్టకుడు. ప్రక్కన కూర్చుండి, ఎన్నవ గడి అయినదని అడిగిన చాలును.