ఢిల్లీ లేఖ: సరుకు ఆగిన మరునాడు

మత్తు పదార్థాలపై పోరాటం ప్రకటించడంలో ఢిల్లీ ప్రభుత్వాలేవీ వెనుకబడలేదు. రాజీవ్ గాంధీ హయాంలో 1985 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చిన మాదకద్రవ్యాల బిల్లు సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం పొంది, నవంబరు 14న అమలులోకి వచ్చింది. 2020 ఆగస్టు 15న మరొక ప్రభుత్వం 272 జిల్లాలలో ‘నషా ముక్త్ భారత్’ ఉద్యమాన్ని ప్రారంభించింది. సరుకును ఎట్లా పట్టుకోవాలో, అమ్మేవానిని ఎట్లా శిక్షించాలో రాజధానిలో ఎవరిని అడిగినా అనర్గళంగా చెబుతారు. ఆ సరుకు ఆగిన మరునాడు వాడేవాని గతి ఏమిటని అడిగితే మాత్రం సమాధానం తడబడుతుంది.

కాశ్మీరీ గేటు వెనుక యమునా బజారులో రోడ్డు పక్కన నిద్రించే హెరాయిన్ బాధితులతో మాట్లాడినప్పుడు నేను గ్రహించింది ఒకటున్నది. వారికి పోలీసు కంటె తెల్లవారుజామంటేనే ఎక్కువ భయం. రాత్రి తీసుకున్న మత్తు ఆ వేళకు దిగిపోతుంది. ముక్కు, కళ్ళు కారడం, ఎముకలు విరిచినట్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్ర లేమి ఆరంభమవుతాయి. పంజాబీలు ఈ దశను ‘తోట్’ అంటారు. లోటు అని అర్థం. ఈ బాధ రెండు మూడు రోజులకు పరాకాష్ఠ నందుకొని, వారం పది రోజులలో తగ్గుముఖం పడుతుంది. సాధారణంగా ఇది ప్రాణం తీయదు. అయితే దీనికి తాళలేకనే మానినవాడు మళ్ళీ సరుకు వెదుక్కుంటాడు. కొన్నాళ్ళు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. అప్పుడు ప్రాణం పోవచ్చు.

మద్యం సంగతి వేరు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు హఠాత్తుగా మానితే కొద్ది గంటలలోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజులలోపు మూర్ఛలు రావచ్చు. రెండవ, నాలుగవ రోజుల మధ్య మతి చలించి లేనివి కనిపించవచ్చు. దీనికి చికిత్స లేకపోతే మరణం కూడా సంభవిస్తుంది. అల్ప్రజోలం వంటి నిద్రమాత్రలకు అలవాటుపడినవారికీ ఈ ప్రమాదమున్నది. వాటిని వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, మెల్లమెల్లగా తగ్గించవలసిందే. మానడానికి మనోనిబ్బరం ఒక్కటే చాలునన్న మన పెద్దల మాటలో సగమే నిజం. మిగిలిన సగం వైద్యశాస్త్రానిది.

ఈ సగాన్ని విస్మరించిన ఫలితం తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై విరుచుకుపడింది. డైజీపాం, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్లును ఆపవలసిందే, సందేహం లేదు. కాని ఆ కల్లుకు అలవాటుపడిన నిజామాబాదు, మహబూబ్‌నగర్ కూలీలు ఫిట్లతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు చేరినప్పుడుగాని అధికారులకు అసలు సమస్య బోధపడలేదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్ళీ అదే దృశ్యం. కేరళలో ఆత్మహత్యల వార్తలు వెలువడటంతో అక్కడి ప్రభుత్వం డాక్టరు చీటీపై మద్యం ఇప్పిస్తామని ఉత్తర్వు చేసింది. వైద్యులు తిరగబడ్డారు, ఏప్రిల్ 2న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. వైద్యుల ఆగ్రహం న్యాయమైనదే. మందులతో చేయవలసిన చికిత్సకు మద్యం ప్రత్యామ్నాయం కాదు.

దీనికి భిన్నమైన దారి లేకపోలేదు. అది పంజాబులోనే కనిపిస్తుంది. 2014లో అక్కడ పోలీసులు సరుకును దిగ్బంధం చేయగా, చికిత్సా కేంద్రాలు రోగుల తాకిడికి తట్టుకోలేకపోయాయి. 2018లో బూప్రినార్ఫిన్ మాత్రను పర్యవేక్షణలో ఇచ్చే ప్రభుత్వ క్లినిక్కులు వెలిశాయి. 2020 కర్ఫ్యూలో సరుకు మళ్ళీ కరవైనప్పుడు వేలాది కొత్తవారు ఆ క్లినిక్కులకు వెళ్ళారు. మాత్రను ఇంటికి ఇచ్చే గడువును కూడా ప్రభుత్వం పెంచింది. వ్యసనం మటుమాయమైందని నేననను. కాని మానదలచినవానికి వెళ్ళడానికి ఒక చోటున్నది.

తక్కిన దేశం మాటేమిటి? అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ చేపట్టగా కేంద్రం 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మద్యం వల్ల హాని పొందుతున్నవారు, దానికి బానిసలైనవారు కలిసి 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందింది. ఆసుపత్రిలో చేర్చుకొని చికిత్స చేసినది 180 మందిలో ఒక్కరికి.

ఇందుకు కారణం ఢిల్లీ భవనాలలోనే ఉన్నది. మాదకద్రవ్యాల చట్టం ఆర్థిక శాఖది, పట్టుకొనే సంస్థ హోం శాఖది, వ్యసన విముక్తి కేంద్రాలు సామాజిక న్యాయ శాఖవి, ఆసుపత్రులు ఆరోగ్య శాఖవి. మద్యంపై రాబడి రాష్ట్రాలది. రోగి మాత్రం ఎవరి వాడూ కాడు. చికిత్స కోరి వచ్చిన బాధితునికి ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పించే 64ఎ సెక్షను చట్టంలో ఉన్నదన్న సంగతి ఎందరికి తెలుసు? 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. అయినా అనుమతి లేని ‘కేంద్రాల’పై దాడుల వార్తలు వస్తూనే ఉన్నాయి. ప్రభుత్వం తలుపు తెరవని చోట అటువంటి వ్యాపారులే తలుపు తెరుస్తారు.

ఇంటివారు తెలుసుకోవలసినవి కొన్ని. రోజూ తాగేవానిని, నిద్రమాత్రలు మింగేవానిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించబోవద్దు. మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, లేని మనుషులు కనిపిస్తున్నారన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళడంలో ఆలస్యం కూడదు. చికిత్స ముగిసి ఇంటికి వచ్చినవాడు తిరిగి జారితే, అది నమ్మకద్రోహం కాదు, జబ్బు తిరగబెట్టడం. సలహాకు కేంద్రం నడిపే 14446 నంబరు ఉన్నది.

మాదక పానీయాల నిషేధానికి రాజ్యం పాటుపడాలని రాజ్యాంగం 47వ అధికరణం ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని నేను ప్రశ్నించడం లేదు. అయితే నిషేధపుటుత్తర్వుపై సంతకం చేసే ముందు ఏ మంత్రి అయినా ఒక్క జాబితా తెప్పించుకోవాలి: జిల్లా ఆసుపత్రిలో పడకలెన్ని, మందు నిల్వ ఎంత, రాత్రి వేళ వైద్యుడెవరు? ఆ జాబితా లేని ఉత్తర్వు వల్ల మొదట నలిగేది అమ్మకందారు కాదు, కూలి డబ్బులతో తాగుడు మరిగిన బడుగు మనిషి.