తెలుగువారి గృహాలంకరణ: రంగుల పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగువారి సంప్రదాయ గృహాలంకరణలో రంగు ఒకసారి కొని నిలుపుకొనే వస్తువు కాదు. మళ్ళీమళ్ళీ చేయవలసిన పని. అలుకు, పూత, ముగ్గు, తోరణం మొదలైనవాటి పదజాలం ఆధారంగా ఈ విషయాన్ని వివరించి, ఆ పదజాల సేకరణ ఆవశ్యకతను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గృహాలంకరణ, సున్నం, జాజు, పసుపు, ముగ్గు, మాండలిక పదజాలం.

1. ప్రవేశిక:
‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అన్నది తెలుగు సామెత. ఇంటి రూపాన్ని ఇల్లాలి శ్రమకు, నేర్పుకు సాక్ష్యంగా భావించిన సమాజం ఇందులో కనిపిస్తుంది. ఇంటికి కళ తెచ్చే బాధ్యత ఎవరిదో కూడా ఈ సామెత చెప్పకనే చెబుతుంది. గృహాలంకరణను పరిశీలించేటప్పుడు సౌందర్యంతోపాటు ఈ శ్రమనూ గమనించాలి.

2. రంగుల మూలద్రవ్యాలు:
పల్లెటూరి ఇంటి రంగులు చాలావరకు చుట్టుపక్కల దొరికే పదార్థాల నుంచి వచ్చినవే. గోడకు పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. తెలుపు మరింత తేటగా కనిపించడానికి అందులో కొద్దిగా నీలిమందు కలిపేవారు. తెలంగాణ పల్లెల్లో సున్నపు గోడ అడుగుభాగాన, అరుగులకు జాజు పూయడం ఉంది. జాజు ఇనుప ఆక్సైడు గల ఎర్రమన్ను. వానకు మట్టి చింది మరకలు పడే చోటనే ఈ ఎరుపుపట్టీ ఉండటంలో అందంతోపాటు ఉపయోగమూ ఉంది.

గడపకు రాసే పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకు వెలిసిపోతుంది. సున్నం కాలక్రమంలో పొడిగా రాలుతుంది. బియ్యప్పిండి ముగ్గును చీమలు తింటాయి, మిగిలింది పాదాల కింద చెరిగిపోతుంది. మామిడాకుల తోరణం వాడిపోతుంది. ఈ రంగులన్నీ అశాశ్వతాలు కావడం వల్లే శుక్రవారానికో పండుగకో వాటిని పునరుద్ధరించే ఆచారానికి చోటు ఏర్పడింది.

3. క్రియాప్రధానమైన పదజాలం:
ఈ స్వభావం భాషలోనూ ప్రతిఫలించింది. పేడనీళ్ళు చల్లుతారు, నేల అలుకుతారు, గోడకు సున్నం వేస్తారు, గడపకు పసుపు రాస్తారు, దానిపై బొట్లు పెడతారు, తోరణం కడతారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క క్రియ స్థిరపడింది. ‘ఇల్లు అలకగానే పండుగ కాదు’ అనే సామెత పండుగకు ముందు జరిగే పనుల వరుసను స్ఫురింపజేస్తుంది. వాకిట చల్లే పేడనీటిని కొన్ని ప్రాంతాల్లో కళ్ళాపి అనీ, తెలంగాణలో సాన్పి అనీ వ్యవహరిస్తారు.

ముగ్గుకు ప్రత్యేకమైన పరిభాష ఉంది. ‘15 చుక్కలు, సందుచుక్క 8 వరకు’ అంటే నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కో వరుసకు ఒక్కో చుక్క తగ్గిస్తూ 8 చుక్కల వరుస దగ్గర ఆపాలని అర్థం. ప్రతి చుక్కా ముందరి వరుసలోని రెండు చుక్కల సందున పడుతుంది. మొత్తం 169 చుక్కల అమరికను ఈ నాలుగు మాటలు పూర్తిగా నిర్దేశిస్తాయి.

4. ఇంటి వ్యక్తిత్వం:
ఒకే వీధిలో ఇద్దరు అవే చుక్కలు పెట్టినా ముగ్గులు ఒకేలా ఉండవు. పిండి జారవిడిచే వేళ్ళ ఒడుపు, గీత మందం, మెలిక తిరిగే తీరు ఎవరివి వారివే. ఇంటికి వ్యక్తిత్వాన్నిచ్చేది ఈ చేతివాటమే. ఉత్తరాంధ్రలోని సవరల గోడచిత్రాలకు అందంతోపాటు దేవతలతో, పూర్వీకులతో ముడిపడిన ప్రయోజనం ఉంది. అక్కడ ఎర్రమట్టి గోడపై బియ్యప్పిండి తెలుపుతో గీసిన బొమ్మ ఆ కుటుంబపు మొక్కును సూచిస్తుంది.

5. పరిణామం:
బహుళ అంతస్తుల నివాసాల్లో వాకిలి నడవగా మారింది. పలకరాళ్ళ నేలకు అలుకు అవసరం లేదు. ప్లాస్టిక్ తోరణాలు, అంటించే ముగ్గులు వచ్చాయి. కలంకారీ వస్త్రాలు, పోచంపల్లి తెరలు, చేర్యాల ముఖరూపాలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు నేటి గదులకు వన్నె తెస్తున్నాయి; కళాకారులకు ఆదరువుగానూ ఉన్నాయి. అయితే వాటిలో కనిపించేది తయారుచేసినవారి చేతివాటం. ఇంటివారిది ఎంపిక మాత్రమే. ‘అలికాం, దిద్దాం, కట్టాం’ అన్నచోట ‘కొన్నాం, అంటించాం, వేయించాం’ అనే క్రియలు ప్రవేశించాయి.

ఈ మార్పును నష్టంగా మాత్రమే చూడటం సరికాదు. తెల్లవారుజామునే వంగి వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గు వేసే పని అధికంగా స్త్రీలపైనే పడింది. ఆ శ్రమ తగ్గడం ఆహ్వానించదగినదే. అయితే శ్రమతోపాటు ఆ పనిలోని జ్ఞానం, దాని పదజాలం కూడా నమోదు కాకుండానే కనుమరుగవుతున్నాయి.

తెలుగులో మాండలిక వృత్తిపదకోశాల కృషి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ పదకోశంతో ఆరంభమైంది. వృత్తిని ప్రాతిపదికగా తీసుకొన్న ఈ పద్ధతిలో వడ్రంగి, తాపీపనివారి మాటలకు సహజంగానే చోటు దక్కుతుంది. జీతంలేని ఇంటిపని వృత్తిగా లెక్కకు రాదు గనుక ఇల్లాలి పరిభాష ఆ పరిధికి వెలుపల నిలిచిపోయే ప్రమాదం ఉంది.

6. ముగింపు:
• సంప్రదాయ తెలుగు ఇంట రంగుకు జీవం పునరావృతమయ్యే క్రియ వల్ల వచ్చింది.
• గృహాలంకరణ పదజాలం క్రియాప్రధానమైనది. నేటి వాడుకలో అది కొనుగోలును సూచించే క్రియలవైపు మళ్ళుతోంది.
• అలుకు, పూత, ముగ్గులకు సంబంధించిన మాటలను ఆ పనులు స్వయంగా చేసిన వృద్ధ మహిళల నుంచి ప్రాంతాలవారీగా, పని క్రమంతో సహా సేకరించాలి. ఆ పనులు మళ్ళీ చేయకపోయినా, వాటిని చేసినవారి భాషను నిలుపుకొనే అవకాశం ఇంకా ఉంది.