స్కూటరు కడుపులో ఎవరి ఇంజను?

పిల్లలూ! స్కూటరుకు ఎన్ని నంబర్లుంటాయో చెప్పండి చూద్దాం.

"ఒకటే! వెనక రేకుమీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది" అని మీరు వెంటనే అంటారు. నిజమే, ఆ రేకు చూసినా కొంత చరిత్ర తెలుస్తుంది. మన సిద్దిపేట వీధుల్లో ఏ.పి. 23 అని ఉన్న బండి కనిపించిందంటే, అది మనం ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లాలో ఉన్న రోజుల నాటిది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట వేరే జిల్లా అయింది. ఆ తరువాత టి.ఎస్. 36 వచ్చింది. 2024 నుంచి కొత్త బండ్లకు టి.జి. 36 అని వ్రాస్తున్నారు.

కాని ఆ నంబరు ప్రభుత్వం ఇచ్చినది. బండి పుట్టినచోట, అనగా కర్మాగారంలో, ఇంకా రెండు నంబర్లు వేస్తారు. చట్రం మీద ఒకటి, ఇంజను మీద ఒకటి. ఉక్కు అచ్చులతో లోహం మీద దిగగొడతారు గనుక ఇవి సులభంగా చెరగవు. మొదటిది ఛాసిస్ నంబరు, రెండవది ఇంజను నంబరు. ఈ రెండూ ఆర్.సి.లో ఎక్కి ఉంటాయి. రేకు ఊడదీసి మరొకటి బిగించటానికి ఎంతసేపు పడుతుంది? అందుకే బండి అసలు సంగతి తెలుసుకోదలచినవారు ఈ రెండు నంబర్లనే చూస్తారు.

మరి ఆర్.సి.లో ఒక ఇంజను నంబరూ, బండిలో మరొక నంబరూ ఉంటే? సరిగా ఇట్లాంటి చిక్కే మా ఊళ్ళో ఒక ఇంట వచ్చి పడింది.

గొల్లభామ చీరలు నేసే ఇల్లు అది. ఆ ఇంటి తాత వయసులో ఉన్నప్పుడు పుష్పక్ స్కూటరు మీద చీరల మూట కట్టుకొని ఊరూరా తిరిగేవాడట. తరువాత ఎప్పుడో దాన్ని అమ్మేశారు. ఈమధ్య పెద్ద మనమడికి అటువంటి పాత పుష్పక్ ఒకటి కనబడింది. తాతకు చూపించాలని ముచ్చటపడి, ఇరవై అయిదు వేలకు బేరం చేసి, అయిదు వేలు బయానా ఇచ్చి ఇంటికి తెచ్చాడు. మిగతా పైకం ఆర్.సి. పేరు మారిననాడు ఇవ్వాలి. తొమ్మిదవ తరగతి చదివే చిన్న మనమడు బండి కడుగుదామని పక్క డొప్పలు తీసి, ఆర్.సి. పక్కన పెట్టుకొని నంబర్లు పోల్చి చూశాడు. ఛాసిస్ నంబరు సరిపోయింది. ఇంజను నంబరులో మాత్రం ఒక్క అంకె కూడా కలవలేదు!

వాడు పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి, "సారూ, మా బండిల ఇంజను మా బండిది గాదు సారూ! మా అన్న పైసలు పోయినట్టేనా?" అన్నాడు.

అమ్మినవాణ్ణి అడిగితే, "నాకేం తెలువది. నేను కొన్నప్పటిసంది గదే ఇంజను" అన్నాడు.

ఇంజను నడుస్తున్నప్పుడు అది ఎవరిదైతేనేం అని మీకు అనిపించవచ్చు. అట్లా కాదు. ఆ ఇంజను ఎవరి బండిలోనుంచో దొంగిలించి తెచ్చినదైతే, కొన్నవాడు పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుంది. నంబరు కలవకపోతే ఆర్.సి. పేరు మారదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మారిస్తే అధికారులకు తెలిపి పత్రంలో ఎక్కించుకోవాలి. వీటికి తోడు ఇంజను ఏ జాతిదో తెలియనిదే దానికి పిస్టను రింగులు కూడా కొనలేము.

అయితే ఇంజను జాతి తెలుసుకోవటమెట్లా? ఇందుకు స్కూటర్ల వంశచరిత్ర కొంచెం తెలియాలి.

పాత స్కూటర్లలో రెండు పెద్ద వంశాలున్నాయి. రెండూ ఇటలీలోనే పుట్టాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక విమానాలు చేసే పియాజియో కంపెనీకి పని లేకపోయింది. జనానికి చవకలో తిరిగే బండి కావలసివచ్చింది. కొరాదీనో దస్కానియో అనే విమాన ఇంజనీరు 1946లో ఒక బండి తయారుచేశాడు. దాని పేరు వెస్పా. ఇటాలియను భాషలో వెస్పా అంటే కందిరీగ. ఆయనకు మోటారు సైకిళ్ళంటే ఇష్టం లేదట! అందుకే కాబోలు, గొలుసూ గొట్టాల చట్రమూ లేకుండా చేశాడు. వంచిన ఉక్కు రేకే చట్రం. ముందు చక్రాన్ని విమానం చక్రంలాగా ఒకే చేయి పట్టుకొని ఉంటుంది. ఇంజను వెనక చక్రానికి కుడి పక్కన ఉంటుంది.

మరుసటి ఏడే, 1947లో, మిలాను నగరం దాపున ఇన్నోచెంతీ కంపెనీవారు లాంబ్రెట్టా తెచ్చారు. ఆ పక్కన పారే లాంబ్రో నది పేరునుంచే ఆ పేరు వచ్చింది. దీనికి ఉక్కు గొట్టం చట్రం. ముందు చక్రానికి రెండువైపులా చేతులుంటాయి. ఇంజను నడుమ ఉండి, సిలిండరు పడుకొని ఉంటుంది. దాని శక్తి ఇంజను డొప్ప లోపలి గొలుసు ద్వారా వెనకకు పోతుంది.

మన దేశంలో లాంబ్రెట్టాను బొంబాయిలోని ఏ.పి.ఐ. కంపెనీ తయారుచేసింది. వెస్పాను 1960 ప్రాంతాన బజాజ్ వారు అనుమతి తీసుకొని చేయసాగారు. 1971లో ఆ ఒప్పందం ముగిశాక, 1972లో చేతక్ పేరుతో తమ బండి తెచ్చారు. చేతక్ అంటే రాణాప్రతాపుని గుర్రమని మీకు తెలుసుగదా. ఇటలీలో లాంబ్రెట్టా తయారీ ఆగిపోయినప్పుడు మన ప్రభుత్వం ఆ యంత్రాలను కొని తెప్పించింది. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా అనే సంస్థ ఏర్పడి, విజయ్ సూపర్ అనే బండి తయారుచేసింది. హైదరాబాదులో 1942లో పుట్టి, ఫ్రిజ్‌లూ గడియారాలూ బస్సు బాడీలూ చేసిన ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ కూడా ఆ విజయ్ సూపర్‌కు తోబుట్టువే. అంటే అది మిలాను బండికి మనుమరాలన్నమాట!

ఆ రోజుల్లో కొత్త స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళతరబడి కాచుకోవలసి వచ్చేది. అందుచేత ఇంజను చెడిపోయినా బండిని పారవేసేవారు కారు. పాత సామాన్ల బజారుకు పోయి, ఇంకొక బండి ఇంజను తెచ్చి బిగించుకొనేవారు. లాంబ్రెట్టా ఎల్.ఐ. వంశంలో 125 ఇంజనైనా 200 ఇంజనైనా ఒకే చట్రంలో కూర్చుంటుంది. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే!

పుష్పక్‌లో ఉన్నది వెస్పా ఇంజను కాదని డొప్ప తీయగానే తేలిపోయింది. సిలిండరు నడుమ పడుకొని ఉన్నది. పైగా కార్బురేటరు గొట్టం నేరుగా సిలిండరుకే అతికి ఉన్నది. చేతక్‌లో అయితే అది కింద క్రాంకు పెట్టెకు అతుకుతుంది. వెస్పా నంబర్లలో మరొక తమాషా ఉన్నది. చట్రం నంబరు ముందు వి.బి.బి.1టి అని ఉంటే, ఇంజను మీద వి.బి.బి.1ఎమ్ అని ఉంటుంది. ఇటాలియనులో తెలాయో అంటే చట్రం, మొతోరె అంటే ఇంజను. ఆ మొదటి అక్షరాలే ఈ టి, ఎమ్ అన్నమాట. మీ ఇరుగుపొరుగున పాత ఇటలీ వెస్పా ఉంటే అడిగి చూడండి.

ఇక ఈ లాంబ్రెట్టా వంశంలో ఇది ఎన్నవ బిడ్డ? ఇది కంటికి తెలిసేది కాదు. కొలవాలి.

ఇంజను లోపల సిలిండరనే గుండ్రని గది ఉంటుంది. అందులో పిస్టను, మీ పాఠ్యపుస్తకంలో ముషలకం అంటారే అది, ముందుకూ వెనకకూ తిరుగుతుంది. గది అడ్డుకొలతను బోరు అంటారు. పిస్టను ఒక కొసనుంచి మరొక కొసకు పోయే దూరాన్ని స్ట్రోకు అంటారు. మీరు లెక్కల్లో చేసిన స్థూపం ఘనపరిమాణమే ఇది. సగం బోరును దానితోనే గుణించి, 22/7తో గుణించి, మళ్ళీ స్ట్రోకుతో గుణిస్తే ఎన్ని సి.సి.ల ఇంజనో వస్తుంది.

లాంబ్రెట్టా 150లో బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకు 58. చేతక్‌లో బోరు 57, స్ట్రోకూ 57. లెక్కకట్టండి. మొదటిది 148, రెండవది 145 పైచిలుకు వస్తుంది. రెండు వంశాలకూ మధ్య తేడా ఒక్క మిల్లీమీటరు! మీ జామెట్రీ పెట్టెలోని స్కేలుతో ఈ తేడా పట్టుకోవటం కష్టం. దీనికి వెర్నియర్ కాలిపర్స్ కావాలి. పియరీ వెర్నియర్ అనే ఫ్రెంచివాడు 1631లో లోకానికి చెప్పిన ఉపాయం అది. మిల్లీమీటరులో పదవవంతును కూడా చూపుతుంది. పిల్లవాడు సైన్సు టీచరును అడిగి బడినుంచి ఒకటి తెచ్చాడు. దాన్ని బడిలో గోళీలు కొలవటానికి తప్ప వాడగా నేను చూడలేదు. ఇప్పుడు దానికి నిజమైన పని దొరికింది.

నలభై ఏళ్ళుగా స్కూటర్లు విప్పుతున్న మెకానిక్కు వచ్చి, పెట్రోలు మూసి, ప్లగ్గు తీసి, నాలుగు నట్లు విప్పి సిలిండరు తలను పక్కన పెట్టాడు. (మీరు ఇది ఒంటరిగా చేయకండి. పెట్రోలున్నచోట నిప్పు ఉండరాదు.) పిస్టను పైకొసన ఉన్నప్పుడు ఒకసారి, చక్రాన్ని చేత్తో తిప్పి కిందికొసకు తెచ్చాక ఒకసారి, వెర్నియర్ తోకతో లోతు కొలిచారు. పిస్టను నెత్తి కొంచెం ఉబ్బుగా ఉంటుంది గనుక రెండుసార్లూ అంచు దగ్గర ఒకేచోట కొలవాలి. ఒక లోతులోనుంచి మరొకటి తీసివేస్తే 58 వచ్చింది. వంశం రూఢి అయింది.

తరువాత బోరు కొలిచారు. 57 కాదు! 62.5 ఉన్నది.

పిల్లవాడు లెక్కకట్టి, "178 వచ్చింది సారూ! గసొంటి ఇంజను ఉంటదా?" అన్నాడు.

ఉండదు. లాంబ్రెట్టా వంశంలో 58 స్ట్రోకుతో 52 బోరు ఉంటే 123 సి.సి., 57 ఉంటే 148, 62 ఉంటే 175, 66 ఉంటే 198 వస్తుంది. 62.5 ఎక్కడా లేదు. మరి ఆ అర మిల్లీమీటరు ఎక్కడినుంచి వచ్చింది?

ఏళ్ళతరబడి పిస్టను రాసుకొని రాసుకొని సిలిండరు గోడ అరుగుతుంది. అప్పుడు లేతు మిషనువాడు గోడను కొంచెం చెక్కి నునుపుచేసి, కొంచెం లావు పిస్టను వేస్తాడు. దీన్నే మనవాళ్ళు బోరు కొట్టించటం అంటారు. పిస్టను నెత్తిమీది మసి తుడిచి చూస్తే, అర మిల్లీమీటరు లావు పిస్టను అని అంకెలు కనబడనే కనబడ్డాయి. అనగా ఇది పుట్టినప్పుడు 62 బోరు గల 175 ఇంజను. చూశారా, వయసుతో బోరు మారుతుంది. స్ట్రోకు మాత్రం క్రాంకును బట్టి ఉంటుంది. ఎన్ని బోర్లు కొట్టించినా అది మారదు. అందుకని ముందు స్ట్రోకు కొలిచి వంశం తెలుసుకొని, తరువాతనే బోరు సంగతి చూడాలి. పాత చేతక్‌కు ముప్పాతిక మిల్లీమీటరు బోరు కొట్టిస్తే 57.75 అవుతుంది. వెస్పా పి.ఎక్స్. 150 బోరు పుట్టుకతోనే 57.8. బోరు ఒక్కటే కొలిచినవాడు అక్కడ తికమకపడతాడు.

ఇటలీలో 1959 నుంచి 62 బోరు, 58 స్ట్రోకుతో టి.వి. 175 అనే లాంబ్రెట్టా చేశారు. బొంబాయి ఏ.పి.ఐ. వారు కూడా మాక్ 175 అని ఒకటి చేశారు. మెకానిక్కు ఇంజనును అటూ ఇటూ తడిమి, "ఇది బొంబయిది సారూ. ఇసొంటియి నా చేతుల మీదుగ శానా పోయినయి" అన్నాడు.

పుష్పక్ 150 బండి. దానిలో 175 ఇంజను ఉన్నది. ఇంజను మారిన మాట నిజమేనని తేలింది. అయితే దొంగసొత్తా? నంబరును కిరసనాయిలు గుడ్డతో తుడిచి భూతద్దంతో చూశాం. ఆకురాయి పెట్టిన గీతలుగాని, ఒక అంకె మీద మరొక అంకె కొట్టిన జాడగాని లేవు. జాతీయ నేర రికార్డుల సంస్థ దగ్గర దొంగిలింపబడిన వాహనాల వివరాలుంటాయి. నంబరిచ్చి వెతికిస్తే ఆ పట్టీలో ఇది లేదు. ఈ సంగతులన్నీ చెప్పేసరికి అమ్మినవాడికి ధైర్యం వచ్చి, తనకు బండి అమ్మిన పెద్దమనిషి ఇంటికి పోయి పెట్టె వెతికించాడు. హైదరాబాదులో పాత ఇంజను కొన్న రసీదు, చెదలు సగం తిన్నది, దొరికింది. అందులో 175 అనీ, ఇదే నంబరనీ ఉన్నది.

ఇంజను మార్పు ఎక్కించటానికి దరఖాస్తు పెట్టారు. తనిఖీనాడు అధికారి నంబరుకు పెన్సిలు ముద్ర తీయమన్నాడు. నంబరు మీద పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దితే, నాణెం బొమ్మ దిగినట్టే అంకెలు దిగుతాయి. పెద్దవాళ్ళు కాగితం కోసం వెతుకుతుండగా చిన్నవాడు నోటుబుక్కులోనుంచి రెండు ముద్రలు తీసి బల్లమీద పెట్టాడు. ముందురోజే తీసి ఉంచుకున్నాడు!

ఇప్పుడు ఆర్.సి.లో నంబరు మారింది. బయానా పోలేదు. మిగతా పైకంలో రెండు వేలు తగ్గించి ఇచ్చారు. తాత మాత్రం బండి ఎక్కి కోమటి చెరువు కట్టదాకా పోయి వచ్చి, "ఇది నా పుష్పక్ గాదురా, దీనికి ఉరుకుడు ఎక్కువ" అంటున్నాడు.