వాడకుండా వదిలేస్తే ట్రేడ్‌మార్క్ హక్కు నిలవదు

పసుపు, బెల్లం, తేనె, దంపుడు బియ్యం సొంత పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్మే రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కొందరు ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నారు. సర్టిఫికెట్ బీరువాలో ఉంది కాబట్టి పేరు ఎప్పటికీ మనదేనని చాలామంది అనుకుంటారు. అది పొలం పట్టా లాంటిది కాదు.

1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం, పేరు రిజిస్టర్‌లోకి ఎక్కాక వరుసగా ఐదేళ్లు, ఆపైన ఆ పేరుతో సరుకు అమ్మకపోతే, దాన్ని తొలగించమని ఆ పేరు అడ్డుగా ఉన్న వ్యాపారి ఎవరైనా రిజిస్ట్రార్‌కు గానీ హైకోర్టుకు గానీ దరఖాస్తు చేయవచ్చు. ఎవరూ అడగకపోతే దానంతటదే పోదు. అయితే ఈ ఐదేళ్ల లెక్క దరఖాస్తుకు మూడు నెలల ముందు నాటికి చూస్తారు. కేసు వస్తోందని తెలిసి హడావుడిగా నాలుగు ప్యాకెట్లు అమ్మితే ప్రయోజనం ఉండదు.

సరుకును బట్టి కూడా చూస్తారు. బియ్యానికీ తేనెకూ కలిపి రిజిస్టర్ చేయించి బియ్యం మాత్రమే అమ్ముతుంటే, తేనె వరకు తొలగించమని అడగవచ్చు.

వ్యాపారంలో ప్రత్యేక పరిస్థితుల వల్ల అమ్మలేకపోతే చట్టం మినహాయింపు ఇస్తుంది. 'స్పార్టన్' అనే రంగుల పేరు కేసులో, దిగుమతి ఆంక్షల వల్ల సరుకు రాలేదన్న కారణాన్ని సుప్రీంకోర్టు 2003లో అంగీకరించింది. మా సంఘంలో మాకు పడలేదు, పెట్టుబడి దొరకలేదు అంటే నిలవడం కష్టమే.

అన్నిటికంటే ముఖ్యం రుజువు. మన రైతులు దెబ్బతినేది ఇక్కడే. పసుపును విడిగా బస్తాల్లో మార్కెట్ యార్డుకు తోలితే వచ్చే తక్‌పట్టీ మీద రైతు పేరు ఉంటుంది, బ్రాండు పేరు ఉండదు. అది పనికిరాదు. ఏడాదికి కొంత సరుకైనా ఆ పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మండి. తేదీ, బ్రాండు పేరు ఉన్న బిల్లులు, ప్యాకెట్లు అచ్చు వేయించిన రశీదులు, ఒక్కో ఏడాది ప్యాకెట్ ఒకటి చొప్పున దాచండి. పేరును మిల్లు వారికో, ఇంకో సంఘానికో వాడుకోనిస్తే రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

రెన్యువల్ వేరే సంగతి. పదేళ్లకోసారి చేయించాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు రూ. 9,000. గడువు దాటినా ఆరు నెలల్లోపు అదనపు రుసుముతో కట్టవచ్చు. అదీ దాటితే, గడువు ముగిసిన ఏడాదిలోపు పునరుద్ధరణ కోరవచ్చు. రెన్యువల్ కట్టినంత మాత్రాన వాడకం కింద లెక్క కాదు.

సంఘంలో అధ్యక్షుడు మారినప్పుడు రిజిస్ట్రీలో ఉన్న చిరునామా, ఈమెయిల్ కూడా మార్పించండి. తొలగింపు నోటీసు పాత అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, గడువులోగా జవాబు ఇవ్వలేకపోతే, బిల్లులన్నీ ఉన్నా చూపించే అవకాశం పోవచ్చు.