వాడరేవు ఒడ్డున ఇంగ్లీషు పాఠం

ఇంగ్లీషు కొంత వచ్చి, కొంత రాని స్థితి ఒకటి ఉన్నది. అక్షరాలు వచ్చినవి, చిన్న వాక్యాలు వచ్చినవి, పుస్తకం తెరిస్తే చాలవరకు అర్థమవుతున్నది. నోరు తెరిస్తే మాత్రం మాట సాగదు. ఏడెనిమిది తరగతులు దాటిన పిల్లలలోను, ఎప్పుడో చదువు మానివేసి మరల మొదలుపెట్టిన పెద్దలలోను ఇది తరచుగా కనిపించే సంగతే. అట్టివారి కొరకు ఈ ప్రసంగం. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. ఈ మెట్టు దాటడానికి మంచు కురిసే వీధులను గురించి, మనమెన్నడూ చూడని తోటలను గురించి చదువవలసిన పని లేదు. మన కంచంలో ఉన్నదానిని, మన గుమ్మం ముందు వీచే గాలిని ఇంగ్లీషులో చెప్పబోయినప్పుడే తెలుగు ఎక్కడ ఒక దారిని, ఇంగ్లీషు ఎక్కడ మరొక దారిని పోతున్నవో బయటపడుతుంది. వ్యాకరణమంతా ఆ రెండు దారులు చీలే చోటనే ఉన్నది.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకొందాము. చీరాలకు తూర్పున, కొద్దిమైళ్ల దూరాన, బంగాళాఖాతం ఒడ్డున వాడరేవు ఉన్నది. ఓడలు ఆగే రేవు అని ఆ పేరుకే అర్థం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. తరువాత ప్రకాశం జిల్లాకు మారి, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. ముందు సముద్రం, వెనుక లోపలికి పోయినకొద్దీ ప్రత్తి, మిరప పండే మైదానాలు. అక్కడ వేటకు పోయే ఒక కుటుంబంలో తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి ఉన్నదనుకొందాము. ‘యాపిల్’ అన్న మాట ఆమెకు రెండవ తరగతిలోనే వచ్చినది. ‘స్నో’ కూడ వచ్చినది. ‘ఈ పూట అలలు ఎక్కువగా ఉన్నవి, నాన్న వేటకు పోలేదు’ అన్న మాటను ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం తడబడుతుంది. ‘ది సీ ఈజ్ రఫ్ టుడే, ఫాదర్ హాజ్ నాట్ గాన్ అవుట్’ అన్న వాక్యంలో ఆమెకు తెలియని మాట బహుశః ఒకటే, ‘రఫ్’. తెలిసిన మాటలే కూర్చుకొనడం రావడం లేదన్నమాట.

మొదట వంటింటిలోకి పోదాము. తెలుగులో నీళ్లు బహువచనం, పాలు బహువచనం. ‘పాలు పొంగినవి, నీళ్లు కాగినవి’ అంటాము. ‘బియ్యం ఉన్నవా, అయిపోయినవా’ అని అడుగుతాము. కనుక మన అమ్మాయి ‘ది మిల్క్ ఆర్ బాయిలింగ్’ అని వ్రాస్తే అది తెలివితక్కువ కాదు. తల్లి నేర్పిన వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించడమే. ఇంగ్లీషువారు లెక్కకు అందే వస్తువులను వేరుగా, కొలతకు మాత్రమే అందే వస్తువులను వేరుగా చూస్తారు. పాలు, నీళ్లు, ఉప్పు, బియ్యం కొలతకు అందేవి. వాటికి బహువచనం ఉండదు, క్రియ ఏకవచనంలో ఉంటుంది, ‘ఎక్కువ’ అనడానికి ‘మచ్’ వస్తుంది. మిరపకాయలు లెక్కకు అందుతవి, వాటికి ‘మెనీ’. అదే కాయను దంచి కారం చేస్తే మరల ‘మచ్’. ‘టూ మెనీ చిల్లీస్’ అన్నది రోటిలో పడకముందు, ‘టూ మచ్ చిల్లీ పౌడర్’ అన్నది రోటిలోనుండి వచ్చిన తరువాత. ఈ భేదాన్ని పలక మీద పదిసార్లు వ్రాయించిన దానికంటె, రోకలి చేతికిచ్చి ఒకసారి చెప్పినది ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొలతల దగ్గర మన భాష గొప్ప సహాయం చేస్తుంది. గుప్పెడు, చెంచెడు, గంపెడు అంటున్నాము గదా! ఆ చివరనున్న ‘ఎడు’ చేసే పనినే ఇంగ్లీషులో ‘ఫుల్’ చేస్తుంది. గుప్పెడు ‘హ్యాండ్‌ఫుల్’, చెంచెడు ‘స్పూన్‌ఫుల్’, గంపెడు ‘బాస్కెట్‌ఫుల్’. తరువాత ‘ఆఫ్’ అన్న మాట చేరిస్తే చాలును. గంపెడు చేపలు ‘ఎ బాస్కెట్‌ఫుల్ ఆఫ్ ఫిష్’. చేప ఒకటైనా, గంపెడైనా ‘ఫిష్’ అన్న మాట మారదు. వేరువేరు జాతుల చేపలను గురించి చెప్పునప్పుడే ‘ఫిషెస్’ అనడం వాడుక.

మాటల సంపద విషయంలో ఒక్కొక్కచోట మనము ధనికులము, ఒక్కొక్కచోట వారు. పొలంలో ఉన్నది వరి, కోసి నూర్చితే వడ్లు, దంచితే బియ్యం, వండితే అన్నం. ఇంగ్లీషులో వరికి, వడ్లకు ‘ప్యాడీ’, బియ్యానికి, అన్నానికి ‘రైస్’. ఆ ‘ప్యాడీ’ కూడ మలయా భాషనుండి తెచ్చుకొన్నదే. మనకు కారం వేరు, వేడి వేరు. వారికి రెండింటికీ ‘హాట్’ అన్న మాటే ఉన్నది. గుంటూరు కారంతో చేసిన పులుసు ‘హాట్’ అని చెబితే, విన్నవాడు చల్లారేవరకు ఆగి తిని కన్నీళ్లు పెట్టుకోవచ్చును. అక్కడ ‘స్పైసీ’ అనడం మేలు. ఇక మన ‘పచ్చి’ అన్న మాటను చూడండి. పచ్చిమిరపకాయ ‘గ్రీన్’, పచ్చిమాంసం ‘రా’, పచ్చికాయ ‘అన్‌రైప్’, ఎండురొయ్యలకు భిన్నమైన పచ్చిరొయ్యలు ‘ఫ్రెష్’. ఒక తెలుగు మాటకు నాలుగు ఇంగ్లీషు మాటలు! నిఘంటువు తెరిచి మొదటి అర్థాన్ని పట్టుకొనేవారు ఇక్కడనే దెబ్బతింటారు.

మిరపను గురించి ఒక ముచ్చట. ఈ పంట మనది కాదు. అమెరికా ఖండంనుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి చేరినది. కొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత మిరియాన్ని తలపించే పేరు పెట్టుకొన్నారు. ఇంగ్లీషువారూ మిరియానికి ఉన్న ‘పెప్పర్’ అన్న పేరునే దీనికీ అంటగట్టి ‘రెడ్ పెప్పర్’ అన్నారు. ‘చిల్లీ’ అన్నది మెక్సికోలోని పూర్వవాసుల మాట. మననుండి వారు పుచ్చుకొన్నవీ ఉన్నవి. పొలం గట్లను తవ్వి పంటను పాడుచేసే పందికొక్కు పేరే ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అయినది. అది ఆస్ట్రేలియాకు కూడ పోయి అక్కడి వేరొక జంతువుకు పేరైనది. తమిళుల కట్టుమరం ‘కాటమరాన్’ అయినది. ఇంగ్లీషంటే భయపడే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, భయం సగం పోతుంది.

ఇక క్రియలు. ‘పులుసు పుల్లగా ఉన్నది’ అనడానికి మనవారు ‘ది పులుసు ఈజ్ టేస్టింగ్ సోర్’ అంటారు. అది పొరపాటు. పులుసు తన రుచిని తాను చూచుకొనడం లేదు గదా! రుచి దానిలో ఉన్న గుణం. కనుక ‘టేస్ట్స్ సోర్’. అమ్మ గరిటెతో తీసి ఉప్పు చూస్తున్నప్పుడు మాత్రం ‘ఈజ్ టేస్టింగ్’. అది చేసే పని. చేసే పనికి ‘ఇంగ్’, ఉండే స్థితికి సాదా వర్తమానం. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ వంటి వాక్యాలన్నీ ఈ ఒక్క పులుసుతో సరిపడుతవి.

ఇంటికి వచ్చినవారిని ‘భోజనం చేశారా?’ అని అడుగుతాము. ఎప్పుడు చేశారని కాదు మన ప్రశ్న. ఇప్పుడు ఆకలిగా ఉన్నారా లేదా అని. అందుకే ఇంగ్లీషులో ‘హావ్ యు ఈటెన్?’ జరిగిపోయిన పని ఫలితం ఇప్పటికీ ఉన్నప్పుడు ఈ రూపం. ‘నిన్న’, ‘పొద్దున ఎనిమిదింటికి’ అని కాలం చెప్పితిమా, అది పనికిరాదు. ‘ఐ ఏట్ ఎట్ ఎయిట్’ అనవలెను. ‘ఐ హావ్ ఈటెన్ యస్టర్‌డే’ అన్న వాక్యం పట్టభద్రుల నోట కూడ వింటున్నాము.

దీనికి తోబుట్టువు వంటిది మరొక చిక్కు. మన తూర్పుతీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను నిషేధిస్తారు. జూన్ మొదటివారంలో ఆ అమ్మాయి ‘నాన్న ఏప్రిల్ 15 నుంచి వేటకు పోలేదు’ అనవచ్చును. ‘నెలన్నర నుంచి పోలేదు’ అనీ అనవచ్చును. తెలుగులో రెండుచోట్లా ‘నుంచి’. ఇంగ్లీషులో మొదటిదానికి ‘సిన్స్’, రెండవదానికి ‘ఫర్’. మొదలైన తేదీని చెబితే ‘సిన్స్’, గడిచిన కాలాన్ని చెబితే ‘ఫర్’. ‘సిన్స్ టూ మంత్స్’ అన్న తప్పు మన దేశమంతటా ఉన్నది. నిషేధపు రోజులలో దినపత్రిక మీది తేదీని చూచి రోజుకొక వాక్యం రెండు విధాల వ్రాస్తే, పడవలు తిరిగి సముద్రంలో దిగేనాటికి ఆ తప్పు పోతుంది.

గాలివానల దగ్గరకు వచ్చేసరికి ఇది పరీక్షలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి, ఈ తీరంలో వేలాది ప్రాణాలు తీసినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపాననే తీరం దాటినది. ‘సైక్లోన్’ అన్న మాట కూడ ఈ సముద్రపు గాలులను చూచి పుట్టినదే. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో తన గ్రంథంలో ఈ మాటను వాడినాడు. చుట్ట చుట్టుకొన్న పామును తలపించే గ్రీకు మాటనుండి తీసినది. ఇట్టి రోజులలో వాతావరణశాఖ ప్రకటనలో తప్పక వచ్చే వాక్యం ఒకటున్నది: ‘ఫిషర్మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ది సీ.’ తెలుగు ప్రకటన వేరుగా వస్తుంది, నిజమే. అయినను ఈ వాక్యం విప్పి చూడదగినది. సలహా ఇచ్చేవారెవరో చెప్పలేదు, కర్మణి ప్రయోగం. ‘వెంచర్’ అంటే ఊరక పోవడం కాదు, తెగించి పోవడం. అన్నిటికంటె ముఖ్యం ‘నాట్’ ఉన్న చోటు. ‘అడ్వైజ్డ్ నాట్ టు’ అంటే పోవద్దని చెబుతున్నారని. ‘నాట్ అడ్వైజ్డ్ టు’ అని మార్చితే పొమ్మని చెప్పడం లేదని, అంతే. మొదటి మాటలోని గట్టితనం పోయినది. పోతే పోవచ్చునేమో అని విన్నవాడికి సందు దొరుకుతుంది. పడవ తాడు విప్పేవాడికి ఆ సందు చాలును.

ఆ ప్రకటనలలోనే ‘లైక్లీ టు క్రాస్ ది కోస్ట్’ అనీ ఉంటుంది. దానిలో ‘లైక్’ కనిపించినది గదా అని తుఫానుకు తీరం దాటడం ఇష్టమని అర్థం చెప్పరాదు. దాటే అవకాశం ఎక్కువగా ఉన్నదని భావం.

‘గాలి తగ్గితే పోతారు’ అన్నప్పుడు మన ‘తగ్గితే’కు కాలం లేదు. ఇంగ్లీషులో ‘ఇఫ్ ది విండ్ డ్రాప్స్, దే విల్ గో’. ‘ఇఫ్’ ఉన్న భాగంలో ‘విల్’ పెట్టరాదు. జరగకపోయినదానిని తలచుకొని వగచేటప్పుడు మాత్రం రెండు భాషలూ విచిత్రంగా కలుస్తవి. కల్లంలో ఆరబోసిన మిరపకాయ వానకు తడిస్తే రంగు చెడుతుంది, ధర పడిపోతుంది. ‘పట్టాలు కప్పి ఉంటే కాయ తడిసి ఉండేది కాదు’ అంటాడు రైతు. ‘ఇఫ్ వి హ్యాడ్ కవర్డ్ ది చిల్లీస్, దే వుడ్ నాట్ హావ్ గాట్ వెట్.’ మన ‘ఉంటే’ వద్ద ‘హ్యాడ్’, మన ‘ఉండేది’ వద్ద ‘వుడ్ హావ్’. వ్యాకరణ గ్రంథాలు మూడవ రకమని భయపెట్టే వాక్యం ఇదే.

ప్రత్తి, మిరప చేలలో మరొక ఇంగ్లీషు ఉన్నది. 1968 నాటి కీటకనాశినుల చట్టం క్రింద, 1971 నియమాల ప్రకారం, మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉండవలెను. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నంతమాత్రాన విషం కాదని కాదు. తక్కినవాటికంటె తక్కువని మాత్రమే. ఇటువంటి డబ్బాల మీద ‘అవాయిడ్ కాంటాక్ట్ విత్ స్కిన్’, ‘కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్’ వంటి హెచ్చరికలు కనిపిస్తవి. రెండవదానిని మాటకు మాట పెట్టి తెలిగిస్తే ఏమీ తేలదు. పిల్లల చేతికి అందనిచోట ఉంచండి అని మొత్తంగా గ్రహించవలెను. ‘అవాయిడ్’ తరువాత ‘టు’ రాదు. ‘అవాయిడ్ బ్రీతింగ్ ది స్ప్రే’ అనవలెనుగాని ‘అవాయిడ్ టు బ్రీత్’ అనరాదు.

ఇంట్లో చేయదగిన అభ్యాసం చెబుతాను. రాత్రి భోజనాలైన తరువాత అయిదు వాక్యాలు వ్రాయించండి: రెండు వంటను గురించి, రెండు ఆనాటి గాలినో ఎండనో పంటనో గురించి, ఒకటి ‘ఇఫ్’తో. మొదటి నెలలో ‘ఎ’, ‘ది’ అన్నవాటిని దిద్దవద్దు. అవి చివర కుదిరేవి. క్రియను, వచనాన్ని మాత్రం దిద్దండి. తరువాత రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టి, చివర వాతావరణం చెప్పే ఆ అర నిమిషం జాగ్రత్తగా విననివ్వండి. విన్నదానిని అమ్మాయి తెలుగులో నాన్నకు చెప్పవలెను. ఆయన ఒక్క ప్రశ్నే అడుగుతాడు, రేపు పోవచ్చునా లేదా అని. దానికి జవాబు ‘నాట్’ ఎక్కడ వినిపించినదో చూచుకొని చెప్పమనండి.