డాష్‌బోర్డు: చెప్పునది, చెప్పనిది

హనుమకొండలోని సుబేదారి పేటకు ఆ పేరు నిజాము పరిపాలనలోని సుబేదారును బట్టి వచ్చినది. వరంగల్లు సుబాకు అతడు అధికారి. దూరపు తాలూకాల వార్తలన్నియు అతని కచేరికి రావలెను. ఆజ్ఞలన్నియు అచటినుండి పోవలెను. ఒకచోట కూర్చుండి దూరమున జరుగుదానిని తెలిసికొనుట, తెలిసికొని ఆజ్ఞ యిచ్చుట అను ఈ రెండు పనులను నేడు గోడకు తగిలించిన చిన్న తెర చేయుచున్నది. దానినే డాష్‌బోర్డు అనుచున్నారు.

మాట మాత్రము పాతదే. గుఱ్ఱపు బండిలో గుఱ్ఱము కాళ్లనుండి ఎగసిన బురద తోలువానిపై పడకుండ ముందు బిగించిన పలకకు తొలుత ఈ పేరుండెను. మోటారు కార్లు వచ్చిన పిదప ఆ స్థానముననే వేగమును, పెట్రోలును చూపు ముళ్లను అమర్చిరి. ఇపుడు అనేక యంత్రముల స్థితిని ఒక్కచో చూపు తెరకు ఆ పేరే నిలిచినది.

ఇది పనిచేయు తీరును ఒక యింటి ఉదాహరణముతో చూతము. పెక్కు ఇండ్లలో నల్లా నీరు సంపులో పడును. మోటారు దానిని మిద్దెపై ట్యాంకునకు ఎక్కించును. ట్యాంకు మూత లోపలివైపున ఒక సెన్సారును బిగింతురు. అది మన చెవికి వినరాని ధ్వనిని క్రిందికి పంపి, ఆ ధ్వని నీటిని తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. కావున సెకనులో వేయింట ఆరవ పాళ్ల కాలములో తిరిగివచ్చెనేని, నీరు మూతకు ఇంచుమించు ఒక మీటరు దిగువన ఉన్నదని అర్థము. చిన్న సర్క్యూటు బోర్డు ఈ లెక్క కట్టి వైఫై ద్వారా పంపును. మోటారు వద్ద రిలే అను మీట ఆజ్ఞకై వేచియుండును.

వార్త చేరు పద్ధతి రేడియో గల యింటివారికి సులభముగ బోధపడును. ఎం.క్యు.టి.టి. అను పద్ధతిని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అను ఇరువురు చమురు గొట్టముల స్థితిని ఉపగ్రహము ద్వారా తెలిసికొనుటకై రూపొందించిరి. ఇందు సెన్సారు తన మాట నెవరు విందురో ఎఱుగదు. ఒక అంశము పేరుతో బ్రోకరు అను మధ్యవర్తికి చెప్పును. ఆ అంశమును కోరినవారికెల్ల బ్రోకరు అందించును. స్టేషను ప్రసారము చేయుటయు, శ్రోత ముల్లు త్రిప్పి పట్టుకొనుటయు ఇట్టివే కదా! భేద మొక్కటి కలదు: కావలెనన్నచో బ్రోకరు కడపటి మాటను దాచియుంచి, తరువాత వచ్చినవానికిని వినిపింపగలదు.

మేము చెప్పదలచిన జాగ్రత్త ఇచటనే యున్నది. ట్యాంకులో 70 శాతము నీరున్నదని తెర చూపుచున్నది. అది ఇప్పటి మాటయా, మూడు గంటల క్రిందటి మాటయా? సెన్సారు చెడినను పాత అంకె కదలక నిలిచియుండును. కనుక ప్రతి అంకె ప్రక్కన అది వచ్చిన వేళ కనబడవలెను. గడువు దాటిన అంకె రంగు మాసిపోవలెను. ఇందులకు పైన చెప్పిన పద్ధతిలో ఒక చక్కని ఏర్పాటు కలదు. యంత్రము బ్రోకరును కలిసికొనిన వెంటనే తన వీలునామాను అతని యొద్ద ఉంచవచ్చును. చెప్పకుండ సంబంధము తెగినచో, బ్రోకరు ఆ వీలునామాను అందఱకును చాటును.

రెండవ జాగ్రత్త: ఆజ్ఞ వేఱు, ఫలము వేఱు. మీట నొక్కగనే తెరపై ఆకుపచ్చ గుర్తు వెలిగినంత మాత్రమున మోటారు తిరుగుచున్నదని నమ్మరాదు. తీగలో కరెంటు పాఱుచున్నదని వేఱొక సెన్సారు చెప్పవలెను. ట్యాంకులో మట్టము పెరుగవలెను. సంపు ఎండినపుడు మోటారును ఆపు సాధనము మోటారు చెంతనే ఉండవలెను గాని వైఫైని నమ్ముకొని యుండరాదు. విద్యుత్తు తీగపై పని చేయబోవు లైన్‌మన్ ముందుగా ఎల్.సి. తీసికొనును, అతడు దానిని తిరిగి యిచ్చువఱకు సరఫరా ఇయ్యరాదు. ఇంటను మోటారును విప్పునపుడు, తెర మీట నొక్కినను కరెంటు రాకుండ మెయిను స్విచ్చిని కట్టివేయుట ప్రాణరక్షణము.

ఇంటికి చెప్పినది నగరమునకును వర్తించును. స్మార్ట్ సిటీ పథకమునకు 2016 మే నెలలో ఎంపికైన నగరములలో వరంగల్లు ఒకటి. ఆ పథకమున చేరిన నూరు నగరములలోను కమాండ్ కంట్రోల్ కేంద్రములు ఏర్పడినవి. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను కురిసిన వానలకు వరంగల్లు, హనుమకొండలలో పెక్కు కాలనీలు నీట మునిగెను. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. అట్టి వానలలో కరెంటు పోవును, ఫోను టవర్లు నిలిచిపోవును. నీటిమట్టము చెప్పు సాధనము మూగవోవు వేళయు, దాని మాట మిక్కిలి అవసరమగు వేళయు ఒక్కటే. అప్పుడు నిన్నటి అంకె తెరపై నిశ్చలముగ నిలిచెనేని, జనులు నమ్మి యిండ్లలోనే యుందురు.

మన పల్లెలలో చెరువు కట్టను, తూమును కనిపెట్టి యుండుటకు నీరటి యుండెడివాడు. వాన రాత్రి అతడు కట్టనుండి రాకపోయినచో చెరువు క్షేమమని ఊరివారు తలపరు. లాంతరు పట్టుకొని పోయి చూతురు. తెరయు తనకు వార్త రాలేదని స్పష్టముగ చెప్పినపుడే ఎవరైనను కట్టమీదికి పోవుదురు.

ఇట్టి తెరను ఇంట అమర్చుకొనువారు దానికి గట్టి సంకేతపదము పెట్టుకొనవలెను. లేనిచో పరాయివాడు మీ మోటారును నడపగలడు. తరువాత ఒక చిన్న పరీక్ష చేయుడు. సెన్సారుకు కరెంటు నందించు తీగను ఊడదీసి, గడియారము చేత పట్టుకొని తెర యెదుట నిలువుడు. సెన్సారు పలుకుట లేదని తెర ఎన్ని నిమిషములకు చెప్పునో చూడుడు. అసలే చెప్పనిచో దానిని అమర్చినవానిని మరల పిలిపింపుడు.